కూడబలుకుకొని చదువు బిడ్డ

సాయంకాలము దీపము పెట్టిన వేళ మన యిండ్లలో తఱచుగా వినబడు మాట యొకటి కలదు: “పక్కింటి పిల్ల గడగడ చదువుచున్నది, నీ కేమి వచ్చినది?” ఆ బిడ్డ వాచకముపై వ్రేలుంచి, అక్షరమక్షరము కూడబలుకుకొని, పంక్తి చివఱకు వచ్చునప్పటికి మొదలు మఱచిపోవును. తల్లి విసుగుకొనును, బిడ్డ కంట నీరు పెట్టుకొనును. ఈ నెమ్మదితనము సోమరితనమా, మఱియేదైన లోపమా యని సందేహించు సోదరీమణులకై మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నెమ్మదిగా చదువుట యొక్కటియే లోపమునకు గుర్తు కాదు. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలసి తెలుగక్షరములు బిడ్డ కంటికి వందలకొలది రూపము లగును. అవి వశమగుటకు ఏండ్లు పట్టుట సహజము. చూపు తక్కువైనను, చెవి మందమైనను, బడి తఱచుగా మానినను, ఇంట లంబాడీయో కోయయో మాటలాడి బడిలో తెలుగు చదువవలసివచ్చినను చదువు నెమ్మదించును. కావున ముందుగా కన్నులు, చెవులు వైద్యునికి చూపవలెను.

అయినను కొందఱి విషయము వేఱు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లేయ వైద్యుడు 14 ఏండ్ల బాలు నొకని గూర్చి వ్రాసెను. వానికి చూపు బాగుండెను, ఆటలలో చుఱుకు, అంకెలు తడబడక చదువును. కాని అచ్చుమాట చదువలేడు. తన పేరులోని యక్షరములనే తారుమారు చేసెను. చదువంతయు నోటిమాటగా చెప్పినచో బడిలో వానిని మించినవా డుండడని ఉపాధ్యాయుని యభిప్రాయము. దీనినే నేడు డిస్లెక్సియా యందురు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరములతో జతపఱచుట మెదడునకు కష్టమగుటయే దీని ముఖ్యలక్షణము. ఇది తెలివితక్కువ కాదు. వంశములో వచ్చుటయు కలదు.

ఇంగ్లీషులో ఇట్టి బిడ్డ తప్పులు చదివి బయటపడును. వ్రాసినట్లే పలుకు జర్మను, ఇటాలియను వంటి భాషలలో చాలవఱకు సరిగానే చదువును, కాని మిక్కిలి నెమ్మదిగా. మన తెలుగును అట్టిదే. కనుక లోపము దాగి, సోమరియను పేరు మిగులును.

తల్లి కనిపెట్టవలసినవి యివి: రెండు మూడేండ్లు శ్రద్ధగా చదివించినను వేగము పెరుగకుండుట, తాను చదివిన కథ చెప్పలేక, మనము చదివి వినిపించిన కథను చక్కగా చెప్పుట, ‘పలక’లో మొదటి యక్షరము తీసిన నేమి మిగులునన్న తోచకుండుట, తండ్రికో మేనమామకో చిన్ననాట ఇదే కష్ట ముండుట. ఇవి కూడియున్నచో ఉపాధ్యాయులకు తెలిపి, పిల్లల మనస్తత్త్వ మెఱిగిన నిపుణులచే పరీక్ష చేయింపవలెను.

దీనికి మందు లేదు, బోధన కలదు. ధ్వనిని, అక్షరమును జతచేయుచు, ప్రతిదినము కొంచెముకొంచెముగా ఓర్పుతో నేర్పినచో బిడ్డ ముందునకు సాగును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ లోపమును గుర్తించినది. ధ్రువపత్రము పొందినవారు పరీక్షలలో అదనపు సమయము కోరవచ్చును.

కొడుకు వెనుకబడినచో ట్యూషను పెట్టింతుము. కూతురైనచో “చదువబ్బలే”దని వంటయిల్లు చూపువారు నేటికిని కలరు. అట్లు చేయుటకు ముందు ఒక్క రాత్రి వాచకము మనము తీసికొని పాఠము చదివి వినిపించి, అందలి సంగతి యడిగి చూతము. ఆ పిల్ల నోట కథ పొల్లుపోక వచ్చెనా, చదువబ్బనిది ఆమెకు కాదు; నేర్పు దారి మనకు దొరకలేదు.