బిందెడు నీళ్లు ముందు ఎవరి గుమ్మానికి?

భావనపాడు: కొళాయి తిప్పగానే నీళ్లు రావడం, స్విచ్చి వేయగానే దీపం వెలగడం, పొద్దుటే గ్లాసెడు చోడి అంబలి గొంతు దిగడం - ఇవి ఉన్నన్నాళ్లూ వాటి విలువ ఎవరికీ గుర్తురాదు. సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ మత్స్యకార గ్రామం వారికి మాత్రం అక్టోబరు నెల వస్తే ఆ విలువ తెలిసివస్తుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద, మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటింది.

తిత్లీ నాటి తెల్లవారుజామున గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. పొరుగున ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే ట్యాంకుకు నీరెక్కదు. ఎదుట సముద్రమున్నా తాగడానికి గుక్కెడు నీరుండదు. అటువంటప్పుడు నీళ్ల ట్యాంకరు వస్తే బలమున్నవారి బిందె ముందు నిండుతుంది. మంచం దిగలేని ముసలమ్మ, చూపు లేని తాత అక్కడి వరకు రాలేరు కదా!

ఉద్దానంలోని కిడ్నీ రోగుల అవస్థ మరీ దయనీయం. డయాలిసిస్ మీద ఉన్నవారికి వారానికి రెండు మూడు పర్యాయాలు, సుమారు నాలుగేసి గంటల చికిత్స తప్పదు. ఒక్కొక్క పర్యాయానికి యంత్రానికి దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆ రోగి మాత్రం తాగే నీటిని కొలుచుకుని తాగాలి. దాహం తీరా నీళ్లు తాగగలగడం ఎంత భాగ్యమో వారిని అడిగితే తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అయితే చెట్లు కూలి దారి మూసుకుపోతే అక్కడికి చేరేదెలా? ఆ వేళ గొడ్డలి పట్టుకుని వచ్చే ఇరుగుపొరుగువారే దిక్కు.

కనుక తుపానుల కాలానికి ముందే ప్రతి వీధివారూ ఒక జాబితా రాసుకోవడం మంచిది. ఒంటరి వృద్ధులెవరు, నడవలేనివారెవరు, నెలలు నిండినవారెవరు, డయాలిసిస్‌కు వెళ్లేవారెవరు, ఎవరిని ఎవరు తీసుకువెళ్లాలి అన్నది అందులో ఉండాలి. మొదటి బిందె వారి గుమ్మానికే చేరాలి. ఇందుకు సర్కారు ఉత్తర్వులు అక్కరలేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, వీధికి నలుగురు కుర్రవాళ్లు చాలు.