బేస్‌బాల్ సీజన్: పిచర్ మోచేతికి 162 మ్యాచ్‌ల పరీక్ష

ఢిల్లీలోని ద్వారక మొదలుకొని దేశమంతటా క్రికెట్ అభిమానులకు ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడే 14 మ్యాచ్‌లు సుపరిచితం. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది.

దాదాపు ప్రతిరోజూ ఆట ఉన్నందున, బంతి విసిరే పిచర్ మోచేయి, భుజంపై తీవ్ర భారం పడుతుంది. అందుకే జట్లు సాధారణంగా ఐదుగురు ప్రధాన పిచర్లను వంతులవారీగా బరిలోకి దించి, మధ్యలో నాలుగైదు రోజుల విశ్రాంతినిస్తాయి.

అయినా గాయాలు తప్పవు. భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్‌కు 2023లో మోచేతి శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్న ఆయన 2024 సెప్టెంబరు 12న టెక్సాస్ రేంజర్స్ తరఫున అరంగేట్రం చేసి, ఏడుగురు బ్యాటర్లను స్ట్రైకవుట్ చేశారు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్న ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారుడు రింకూ సింగ్‌నూ గాయాలు వెంటాడాయి. ఆయన మేజర్ లీగ్‌కు చేరలేకపోయారు.