మాట్లాడే ఇంగ్లీషు వేరు... పరిశోధన రాసే ఇంగ్లీషు వేరు!

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, స్నేహితులతో హిందీ, బకాలాలో నాలుగు ముక్కలు అరబిక్. సౌదీలో పెరిగే మన పిల్లల భాషా ప్రపంచం ఇది. "మావాడికి ఇంగ్లీషు సమస్యే కాదండీ" అని మనం ధీమాగా చెప్పుకోవడం సహజమే. ఆ ధీమా డిగ్రీ వరకూ నిలుస్తుంది. పీజీలో చేరి మొదటి పరిశోధన పత్రం రాయాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. గడగడా మాట్లాడే విద్యార్థి కూడా మొదటి పేరా దగ్గరే ఆగిపోవచ్చు.

మనకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. 1963లో కాలేజీగా మొదలైన దహ్రాన్‌లోని కింగ్ ఫహద్ పెట్రోలియం, ఖనిజాల విశ్వవిద్యాలయంలోనూ, జెడ్డాకు ఉత్తరాన తూవల్‌లో 2009లో తెరిచిన కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం (కౌస్ట్)లోనూ బోధన ఇంగ్లీషులోనే. కౌస్ట్‌లో ప్రధానంగా మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులే. ఇటు మన హైదరాబాద్‌లో ఇంగ్లీషు బోధన కోసమే 1958లో ఒక కేంద్ర సంస్థ పుట్టింది. నేటి 'ఇఫ్లూ' విశ్వవిద్యాలయం అదే.

తడబాటు ఎక్కడ?

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అసలు సంగతి ఆఖర్న తేలుతుంది. ఇంగ్లీషు పరిశోధన పేరాలో సాధారణంగా అసలు సంగతి ముందే చెప్పాలి, ఆధారాలు తర్వాత. ఇంకొకటి: 'ఎ', 'ద' వంటి మాటలు మనకు లేవు. అరబిక్‌లో 'అల్' ఉంది కానీ 'ఎ'కు సమానమైన విడి మాట లేదు. అందుకే ఈ చిన్న మాటల దగ్గర మన పిల్లలూ, వాళ్ల సౌదీ స్నేహితులూ ఇద్దరూ తడబడతారు!

మూడు అడుగులు

జాన్ స్వేల్స్ అనే భాషావేత్త పరిశోధన పత్రాల తొలి పేజీలను పరిశీలించి, 1990లో ఒక నమూనా వివరించారు. మన భాషలో చెప్పాలంటే: ఇదీ పొలం; ఇందులో ఈ చెక్క ఇంకా ఎవరూ దున్నలేదు; దాన్ని నేను దున్నుతున్నాను. ఉదాహరణకు ఒక విద్యార్థి ఇలా మొదలుపెట్టవచ్చు: "సోలార్ పలకల మీద దుమ్ము పడితే విద్యుత్ తగ్గుతుంది. సముద్రతీరపు తేమతో కలిసి గట్టిపడిన దుమ్ము ప్రభావాన్ని మా ఊళ్లో ఎవరూ కొలవలేదు. నేను కొలిచాను." మూడు వాక్యాల్లో చదివేవారికి దారి దొరికింది. ఆ తర్వాత ఎలా చేశాను, ఏం తేలింది, దాని అర్థమేమిటి అన్నవి వరుసగా వస్తాయి.

కాపీ ఖరీదు

భాష మీద నమ్మకం లేనివారే ఇతరుల వాక్యాలను ఎత్తి రాయడానికి ఎక్కువ ప్రలోభపడతారు. అది చాలా ప్రమాదం. భారత యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో పోలికలు 10 శాతం దాటితే శిక్ష మొదలవుతుంది. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఏళ్ల కష్టం ఒక్కసారిగా పోతుంది. మందు ఒక్కటే: చదివిన పేజీ మూసేసి, అర్థమైంది సొంత మాటల్లో రాయడం, ఎవరి ఆలోచనో వారి పేరు చెప్పడం.

మూడు నిమిషాల్లో

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ఒక పోటీ మొదలుపెట్టింది. ఒకే స్లైడు, మూడే నిమిషాలు. ఏళ్ల పరిశోధనను మామూలు శ్రోతలకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇప్పుడది అనేక దేశాల్లో జరుగుతోంది. దీన్ని మన ఇంట్లోనూ ఆడవచ్చు. శుక్రవారం భోజనాలయ్యాక పిల్లలు తమ సైన్సు ప్రాజెక్టును మూడు నిమిషాల్లో చెప్పాలి. స్లైడు మీది అక్షరాలను చూసి చదవకూడదు. విన్నాక తమ్ముడో, చెల్లెలో ఒక ప్రశ్న వేయాలి. "తెలియదు, చూసి చెబుతాను" అన్నదీ మంచి జవాబే.

పిల్లలూ! వారానికి ఒక్క పేజీ రాయండి, మర్నాడు పైకి చదివి దిద్దండి. తల్లిదండ్రులారా! మార్కులతో పాటు ఆ పేజీనీ అడగండి. తెలుగులో స్పష్టంగా ఆలోచించగలిగిన పిల్లలకు ఇంగ్లీషులో స్పష్టంగా రాయడం సాధనతో తప్పక వస్తుంది.