కల్యాణ కర్ణాటక ఎల్లలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమ 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉండేది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలను విభజించినప్పుడు రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాలలో చాలా భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ భాగానికే ‘హైదరాబాదు కర్ణాటక’ అని పేరు. రాయచూరు జిల్లాలోనివే అయిన గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రం తెలుగు ప్రాంతాలుగా మహబూబునగరు జిల్లాకు పోయాయి.

చిక్కంతా బళ్ళారితోనే. నిజాం దానిని 1800లోనే ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. తరువాత అది మద్రాసు ప్రభుత్వం కింద ఉండి, 1953లో చాలా భాగం మైసూరులో కలిసింది. అటువంటి జిల్లా హైదరాబాదు కర్ణాటక ఎట్లా అవుతుందని కొందరి ప్రశ్న. కరవూ వెనుకబాటుతనమూ రెండుచోట్లా ఒకటే కదా అని మరికొందరి సమాధానం. నిజాం పాలనే గుర్తు అనుకుంటే గద్వాల లోపల, బళ్ళారి వెలుపల ఉండాలి. జరిగింది తలకిందులు!

ఇది వట్టి పేరు కోసం పంతం కాదు. 2012లో పార్లమెంటు ఆమోదించిన 98వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-జె అధికరణం చేరింది. ఈ ప్రాంతంలో పుట్టినవారికి, స్థిరపడినవారికి చదువులలోను, ప్రభుత్వోద్యోగాలలోను కొన్ని స్థానాలు కేటాయించే వీలు దానివల్ల కలిగింది. ఇంట్లో ఏ భాష మాట్లాడుతారన్నది అందులో లెక్కకు రాదు. రాయచూరులో తెలుగు చదివే పిల్లవానికీ అది వర్తిస్తుంది. నడుమ నది అడ్డులేకపోయినా గద్వాలలోని అతని మేనమామ కొడుకుకు వర్తించదు. తుంగభద్రకు ఆవలనున్న బళ్ళారివారికి వర్తిస్తుంది.

2019లో ఈ ప్రాంతానికి ‘కల్యాణ కర్ణాటక’ అని పేరు మార్చారు. 2021లో బళ్ళారిని చీల్చి ఏర్పరచిన విజయనగర జిల్లా కూడా ఇందులోనే ఉంది.