పాత కారుకు గేర్ ఆయిల్ గండం

కోటబొమ్మాళి: ఉదయం కారు తీసి వీధి మలుపు తిరిగి రెండో గేరు వేయబోతే ‘కర్ర్’మని శబ్దం. నాలుగైదు కిలోమీటర్లు పోయాక అదే గేరు మెత్తగా పడుతుంది. పాత కార్లు నడిపేవారికి ఇది తెలిసిన అనుభవమే. క్లచ్ అరిగిందేమోనని కొందరు, గేర్‌బాక్సే పోయిందని మరికొందరు బెంగపడుతుంటారు. పెట్టె దింపించి విప్పించేందుకు సిద్ధపడేవారూ ఉన్నారు. అంతకు ముందు చూడవలసినది లోపలి నూనెను. ఇంజిన్ ఆయిల్‌ను వేళకు మార్పించే వారికి కూడా గేర్ ఆయిల్ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా, దుకాణంలో చేతికి అందిన డబ్బా పోయించి వచ్చేస్తుంటారు. ఈ రెండో పొరపాటు మొదటిదానికన్నా ఖరీదైనది.

నరసన్నపేట, టెక్కలి మధ్య పదహారో నెంబరు జాతీయ రహదారికి చేరువలో ఉన్న కోటబొమ్మాళి వంటి చోట్ల పాత కారు అంటే అంబాసిడర్, మారుతి 800, ఎస్టీమ్, జిప్సీ వంటివే. అంబాసిడర్, మారుతి 800ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఎస్టీమ్ అంతకు ముందే ఆగింది. ఇంజిన్‌కు విడిభాగాలు ఏదో విధంగా దొరుకుతున్నా, గేర్‌బాక్సు లోపలి పళ్లచక్రాలు, రింగుల కోసం పెద్ద పట్టణాల్లోని పాత సామాను దుకాణాలు వెతకవలసి వస్తుంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి కనుక బండి మంచి స్థితిలో ఉండటమూ అవసరమే. చాలా చిన్న కార్ల గేర్‌బాక్సుకు పట్టే నూనె రెండు లీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఆ రెండు లీటర్ల విషయంలో చేసే నిర్లక్ష్యం పెట్టె మొత్తాన్ని మార్చే దాకా తీసుకెళుతుంది.

నూనె చేసే పని ఏమిటి?

గేర్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా నల్లబడదు. పెట్రోలు మసి దానికి తగలదు. అందుకే అది చెడిపోదన్న అపోహ ఏర్పడింది. పళ్లచక్రాలు ఒకదానినొకటి నలిపే ఒత్తిడికి నూనెలోని అణువులు తెగి క్రమంగా పలచబడుతుంది. అరిగిన లోహపు పొడి అందులోనే తిరుగుతుంటుంది. ఇంజిన్‌కు ఉన్నట్లు దీనికి ఫిల్టర్ ఉండదు. కారణం ఏదైనా, పొడి బయటకు పోయేది నూనె మార్చినప్పుడే.

గేర్లు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు చక్రాలను సమం చేసేవి సింక్రో రింగులు. పాత కార్లలో ఇవి ఎక్కువగా ఇత్తడివే. రింగు తన జత భాగాన్ని పట్టుకుని రాపిడితో వేగాన్ని సరిచేస్తుంది. ఇక్కడే తిరకాసు. పళ్లకు జారుడు కావాలి, రింగుకు పట్టు కావాలి. ఒకే నూనె రెండు పనులూ చేయాలి. మరీ జారుడు నూనె పోస్తే రింగు పట్టుకోలేదు, గేరు అరుస్తుంది. చల్లని నూనె చిక్కగా ఉండి రింగు కింద నుంచి తొందరగా తప్పుకోలేదు. ఉదయపు శబ్దానికి చాలాసార్లు ఇదే కారణం.

తొలితరం అంబాసిడర్ మొదటి గేరుకు అసలు సింక్రో లేదన్న సంగతి ఇక్కడ గమనార్హం. బండి కదులుతుండగా ఆ గేరు వేస్తే శబ్దం రావడం సహజం. ఎంత మంచి నూనె పోసినా అది పోదు.

అన్నింటికీ ‘నైంటీ ఆయిలే’నా?

రహదారి పక్క దుకాణాల్లో గేర్ ఆయిల్ అని అడిగితే ‘నైంటీ ఆయిల్’ అని ఒక డబ్బా తీసి ఇస్తారు. ట్రాక్టరుకూ, లారీకీ, జీపుకూ, కారుకూ అదే. తొంభై అన్నది చిక్కదనాన్ని తెలిపే అంకె మాత్రమే. ఇంజిన్ ఆయిల్ అంకెలతో దీనికి పోలిక లేదు. గేర్ ఆయిల్‌లో 90 అంటే వేడి మీద దాదాపు 40, 50 నెంబర్ల ఇంజిన్ ఆయిల్ అంత చిక్కదనమే. రెట్టింపు చిక్కగా ఉంటుందనుకోవడం పొరపాటు.

చూడవలసిన రెండో గుర్తు జీఎల్-4 లేదా జీఎల్-5. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నిర్ణయించిన తరగతులివి. అంబాసిడర్, జిప్సీ వంటి వెనుక చక్రాలతో నడిచే బండ్లలో వెనుక హౌసింగ్ లోపలి క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడిని తట్టుకునేందుకు గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ పాళ్లలో ఉన్న జీఎల్-5 నూనె అవసరం. జీఎల్-4లో అవే రసాయనాలు సుమారు సగం పాళ్లలో ఉంటాయి.

అయిదు నాలుగు కన్నా పెద్దది కాబట్టి మేలైనదని చాలామంది భావిస్తుంటారు. హౌసింగ్ వరకు అది నిజం. గేర్‌బాక్సు విషయంలో కాదు. గంధకం కలిసిన రసాయనాలు వేడెక్కినప్పుడు ఇత్తడిపై, రాగిపై దాడి చేయగలవు. దానికి తోడు జారుడు ఎక్కువై రింగు పట్టు తగ్గుతుంది. ఈ కాలపు జీఎల్-5 నూనెల్లో ఇత్తడికి రక్షణ కల్పించే పదార్థాలు కలుపుతున్న మాట వాస్తవమే. రెండు తరగతులకూ సరిపోతుందని ముద్రించినవీ వస్తున్నాయి. అయినా డబ్బాపై జీఎల్-5 అని మాత్రమే ఉంటే, కారు పుస్తకం జీఎల్-4 అడుగుతుంటే దానిని గేర్‌బాక్సులో పోయకపోవడమే క్షేమం. ముందు చక్రాలతో నడిచే మారుతి 800, ఎస్టీమ్‌లలో డిఫరెన్షియల్ కూడా గేర్‌బాక్సు పెట్టెలోనే ఉంటుంది. దాని పళ్లు క్రౌన్, పినియన్ తరహావి కావు కనుక వేరుగా జీఎల్-5 వెతకవలసిన పని లేదు.

అన్ని గేర్‌బాక్సులకూ గేర్ ఆయిలే అనుకోవడమూ సరికాదు. బ్రిటన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇందుకు ఉదాహరణ. దాని గేర్‌బాక్సులో పోయవలసినది 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్. ఆ కారు ఇంజిన్, మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఒకే బీ-సిరీస్ కుటుంబానికి చెందినవి. ఒకటి విదేశాల్లో పందేలకు పోయింది, మరొకటి మన ఊళ్లలో పెళ్లివారిని మోసింది. ఇంజిన్ చుట్టరికం ఉంది కదా అని ఒకదాని నూనె మరొకదానికి పోయరాదు. ఏ బండికి ఆ బండి పుస్తకమే ప్రమాణం. పుస్తకం పోగొట్టుకున్నవారు అదే మోడల్ ఉన్న మరొకరి దగ్గర చూసి రాసుకోవడం మంచిది.

ముందు పై బోల్టు, తర్వాతే కింది బోల్టు

నూనె మార్చడం కష్టమైన పని కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరితే మాత్రం ప్రాణాపాయం. సర్వీసింగ్ గోతి ఉన్న చోటికి తీసుకెళ్లడం ఉత్తమం. లేదంటే నాలుగు వైపులా గట్టి స్టాండ్లు పెట్టి, బండి సమతలంగా ఉండేలా చూడాలి. ఏటవాలుగా ఉంటే నూనె మట్టం తప్పు చూపుతుంది. అంతకు ముందు పది పదిహేను కిలోమీటర్లు నడిపితే నూనె పలచబడి అడుగున ఉన్న పొడితో సహా దిగుతుంది. సైలెన్సర్ గొట్టం కాలుతూ ఉంటుంది, చేయి జాగ్రత్త.

గేర్‌బాక్సుకు రెండు బోల్టులుంటాయి. పక్కన కాస్త ఎత్తులో నూనె పోసేది, అడుగున దించేది. మొదట పోసే బోల్టును వదులు చేయాలి. ఏళ్ల తరబడి కదలని ఆ బోల్టు తుప్పుపట్టి రాకపోవచ్చు. కింది బోల్టు ముందే విప్పి నూనె దించేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. కొత్త నూనె పోసే దారి ఉండదు, నడిపించే వీలూ ఉండదు. ఈ ఒక్క వరుస తప్పినందుకు కారును తాడు కట్టి లాగించుకున్నవారు ఉన్నారు. బోల్టు తలకు సరిగ్గా సరిపోయే పానాయే వాడాలి. సుత్తితో కొడితే అల్యూమినియం పెట్టె మర పోతుంది.

పాత నూనెను పారబోసే ముందు వెలుతురులో చూడాలి. బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని కనిపిస్తుంది. అది మామూలు అరుగుదలే. వేలితో నలిపితే గుచ్చుకునే ముక్కలుంటే పన్ను విరిగినట్లు. నూనెలో బంగారు రంగు తళుకులు మెరిస్తే అవి సింక్రో రింగుల ఇత్తడి. అప్పుడు కొత్త నూనె కొంత ఊరటనిస్తుందే గాని అరిగిన రింగును తిరిగి తేలేదు.

నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్లు. తీర మండలాల వారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 2018 అక్టోబరు నాటి తిత్లీ వంటి తుపాన్ల సమయంలో వరద నీటిలో బండ్లు నడపక తప్పని పరిస్థితి జిల్లాలో ఎదురైంది. వేడిగా ఉన్న గేర్‌బాక్సు ఒక్కసారిగా చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి గొట్టం గుండా, పాత సీళ్ల గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పైకి ఏమీ తెలియదు. బేరింగులు తుప్పుపట్టడం మొదలయ్యాకే మోత వినిపిస్తుంది. చక్రాల మధ్యభాగం మునిగేంత నీటిలో నడిపిన బండికి, కిలోమీటర్ల లెక్క చూడకుండా గేర్‌బాక్సు, హౌసింగ్ నూనెలు రెండూ పరీక్షింపజేయాలి.

దిగవలసినదంతా దిగాక కింది బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగించాలి. పాత రాగి వాషరే మళ్లీ వేస్తే బొట్టు బొట్టుగా కారే అవకాశం ఉంది. పై రంధ్రం ఇరుకు చోట ఉంటుంది కనుక చేతి పంపుతో గాని, పైనుంచి గరాటుకు పొడవాటి గొట్టం తగిలించి గాని పోయాలి. రంధ్రం అంచు నుంచి సన్నగా పొర్లడం మొదలవగానే ఆపాలి. ఇంకాస్త పోస్తే మంచిదే కదా అనుకోరాదు. ఎక్కువైన నూనె లోపల నురగ కడుతుంది, సీళ్లను తోసుకుని క్లచ్ వైపు కారుతుంది.

సాధారణంగా 40 వేల కిలోమీటర్ల ప్రాంతంలో ఒకసారి మారిస్తే సరిపోతుంది. తక్కువ తిరిగే బండికైనా కొన్నేళ్లకొకసారి తప్పదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు పాత యజమాని మాటపై ఆధారపడక వెంటనే మార్పించుకోవడం మేలు.

దిగిన నూనెను చెదలు పట్టకుండా కర్రలకు పూయడం, కాలువ గట్టున పారబోయడం పల్లెల్లో కనిపిస్తుంటుంది. వాడిన నూనె 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అది బావి నీటిలో కలిస్తే తీయడం సాధ్యం కాదు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

కొత్త నూనెతో వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి కింద కాగితం పరిచి రాత్రంతా బండి నిలపాలి. తెల్లవారాక కాగితంపై మరక లేకుంటే వాషర్ బాగా కూర్చున్నట్లే. నూనె తరగతి, తేదీ, కిలోమీటర్ల అంకె ఒక చీటీపై రాసి బానెట్ లోపల అతికిస్తే తర్వాత బండి చూసే మెకానిక్‌కు అడగవలసిన పని ఉండదు.