చిట్యాల అంటే ఏ చిట్యాల?

చిట్యాల అనగానే చాలామంది హైదరాబాద్–విజయవాడ హైవే మీదున్న నల్గొండ జిల్లా చిట్యాల అనుకుంటారు. మాది భూపాలపల్లి జిల్లా చిట్యాల. పేరొక్కటే, మండలాలు రెండు. ఇలా ఒకే పేరున్నవాటిని విడదీసి చూపే పేజీని తెలుగు వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, దండం పెట్టాలి!

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చినప్పుడు మా మండలం వరంగల్ నుంచి జయశంకర్ జిల్లాకు పోయింది. అట్లా జిల్లా మారిన ప్రతి ఊరి పేజీనీ వికీలో సరిచేయాలి. చేసేది జీతం లేని మనుషులే, మా ఊరి మొహం చూడనివాళ్లు కూడా. అసలు తెలుగు వికీ 2003 డిసెంబర్‌లో మొదలైంది కూడా అమెరికాలో ఉంటున్న వెన్న నాగార్జున చొరవతోనే.

చాలా ఊళ్ల పేజీలు 2011 జనాభా లెక్కలు చూసి రాసినవి. అందుకే వాటిలో బడి, బ్యాంకు ఎంత దూరమో ఉంటుంది. చెరువు మత్తడి దూకితే ఊరెట్లుంటదో ఉండదు.

పది జిల్లాలవాళ్లు కలిసి రాస్తే మాటల పంచాయితీ తప్పదు. మాకు పుంటికూర, ఇంకొకరికి గోంగూర. దీనికి తేలికైన మందుంది: దారిమార్పు. అది పెడితే పుంటికూర అని వెతికినా గోంగూర పేజీకే చేరతారు. ఇంకా తేలకపోతే చర్చా పేజీ, అదీ చాలకపోతే అందరూ కూడే 'రచ్చబండ'. నిజంగా దాని పేరే అది.

తేలనిది వేరే ఉంది. వికీకి ప్రచురితమైన ఆధారం కావాలి. ఊరికి ఆ పేరెట్లొచ్చిందో మా తాత చెప్పే కథ అక్కడ చెల్లదు. రూలు న్యాయమైనదే, లేకుంటే ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. కానీ చదువురాని ముసలోళ్ల దగ్గరే సగం ఊరుంది. దాన్ని ముందు ఎవరో ఒకరు పత్రికకో పుస్తకానికో ఎక్కించాలి.

ఫొటోకు ఆ తిప్పలు లేవు. మనం తీసిందైతే పెట్టేయొచ్చు. నేను చెరువు ఫొటో తీసి, దాని వివరణ ఏం రాయాలో చూపు లేని మా దోస్తునడిగాను. అతనికి ఫోన్‌లో టాక్‌బ్యాక్ పేజీ అంతా చదివి పెడుతుంది, వివరణ లేని ఫొటో దగ్గర మాత్రం ఆగిపోతుంది.

"ఉత్త చెరువు అని రాయకు. నీళ్లు నిండుగున్నయా, అడుగంటినయా? కట్ట మీద చెట్లున్నయా? అది రాయి" అన్నడు.

నిండుగున్నయ్. రెండు తాళ్లు. అదే రాసిన.