నాగార్జునకొండ గ్రీకు మూర్తి: రూపమా, ఆరాధనా?

గ్రీకు పురాణ మూర్తులనగానే నేడు ఉద్యానవనాలలోని పాలరాతి ప్రతిమలు స్ఫురిస్తాయి. కృష్ణాతీరంలో అటువంటి రూపం ఇక్ష్వాకుల కాలంలోనే శిల్పమైంది. నాగార్జునకొండ రాజప్రాసాద స్థలంలో లభించిన ఒక స్తంభంపై గడ్డంతో, అర్ధనగ్నంగా, కొమ్ము ఆకారపు పానపాత్ర ధరించిన పురుషుడు కనిపిస్తాడు. పక్కనే మద్యభాండం ఉంది. గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌తో దీనికిగల పోలికను పండితులు గుర్తించారు.

అయితే రూపం వచ్చినంత మాత్రాన ఆరాధన వచ్చిందనలేము. ఈ శిల్పం దొరికినది ప్రాసాదంలో, చైత్యంలో కాదు. అదే వంశపు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, జగ్గయ్యపేట స్తూపం తూర్పు ద్వారం వద్ద సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు నిలిపాడు. అక్కడి శాసనం ఆ దానాన్ని బుద్ధుని మహాచైత్యానికే అంకితం చేసింది. ఆ స్తూపపు ప్రసిద్ధ ఫలకంలోని మూర్తి కూడా దేశీయ కథానాయకుడైన మాంధాత చక్రవర్తిదే.

రోమన్ వాణిజ్యం ఆంధ్రతీరానికి నాణేలతోపాటు కొత్త ఆకృతులనూ పరిచయం చేసి ఉండవచ్చు. శిల్పి వాటిని విలాస చిహ్నాలుగా స్వీకరించాడనడమే సమంజసం. కనుక ఇటువంటి మూర్తులను పరిశీలించేటప్పుడు పోలికతోపాటు అవి నిలిచిన స్థలాన్నీ ప్రమాణంగా గ్రహించాలి.